వెనక్కి దాటని అడుగు

మా ఇంట్లో నేల మీద పడుకున్న పిల్లలను ఎవరూ దాటకూడదు. దాటితే ఆ పిల్లలు ఎదగరని మా నాయినమ్మ నమ్మకం. తెలియక దాటినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా సరే, తిరిగి వెనక్కి దాటాలి. అప్పుడు దోషం పోతుంది. మా బాపు పేపరు చదువుకుంటూ ఎప్పుడైనా నన్ను దాటితే నాయినమ్మ మంచం మీది నుంచే కేక వేసేది.

"ఓ కొడుకా! పొలగాన్ని దాటినవ్. మల్ల ఎనకకు దాటు!"

మా బాపు ఊళ్ళో ఎవరి మాటకూ వెనక్కి తిరిగే మనిషి కాదు. ఆ ఒక్క మాటకు మాత్రం పేపరు మడిచి, పంచె కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, నన్ను వెనక్కి దాటి, ఆ తర్వాత నా కాళ్ళ వైపు నుంచి చుట్టి వెళ్ళేవాడు. చుట్టి వెళ్తే దాటినట్టు కాదు.

పటాన్‌చెరు దాటాక, ఇస్నాపూర్ రాకముందు, రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది మా ఊరు. మా తాత పటేలు, సర్కారు తరఫున ఊరి పెద్ద. మా బాపూ పటేలే. ఆయన కాలంలోనే పటేలగిరీ రద్దయింది. అంతకుముందే భూమి పోయింది. కంపెనీ కోసం ప్రభుత్వం తీసుకున్న భూమిలో మా చెరుకు మడులూ, వాటి మధ్య ఉన్న రాతి బావీ పోయాయి. ఎవరి జాలి కోసమూ ఈ మాట రాయడం లేదు. జాలి పుచ్చుకునే అలవాటు మా ఇంట్లో లేదు. తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఇంతవరకు చెప్పక తప్పదు.

భూమి పోయిన ఇంటికి కంపెనీలో ఒక నౌకరీ ఇస్తామన్నారు. మా బాపుకు అప్పటికి నలభై నిండలేదు. ఆఫీసు గుమాస్తా ఒక పొద్దున కాగితాలు పట్టుకుని వచ్చి అరుగు మీద అంచున కూర్చున్నాడు.

"పటేలా, మీ పేరు రాస్తున్న. పొద్దుగాల ఎనిమిదింటికి గేటు కాడ హాజరుంటది."

"ఏ గేటు?"

"గదే... మీ బాయి పూడిపిన కాడ కట్టిండ్రు సూడు, గా గేటు."

బాపు అతని మొహంలోకి చూశాడు. "నా బాయి కాడ నేను హాజరియ్యాల్నా?" అన్నాడు.

గుమాస్తా తల గోక్కున్నాడు. "మరి చిన్న పటేలు పేరు రాసుకోమంటరా? పద్దెనిమిదేండ్లు నిండినంక వస్తడు."

బాపు లేచి లోపలికి వెళ్ళాడు. గుమాస్తా నా పేరు రాసుకున్నాడు. నేను స్తంభం పక్కన నిలబడి అంతా విన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ రోజు నుంచి ఎదగడమంటే నాకు ఒక్కటే అర్థం. ఎదిగిన రోజున నేను వెళ్ళి ఆ గేటు దగ్గర నిలబడాలి. మా బాపు అది చూడాలి.

ఎదుగుదల దాచుకోవడానికి కూడా వీల్లేకుండా ఉండేది. దర్జీ నా ప్యాంట్లకు కింద నాలుగు వేళ్ళ వెడల్పు మడత పెట్టి కుట్టేవాడు. ఏడాదికోసారి అమ్మ ఆ మడత కొంచెం విప్పేది. విప్పిన చోట వెలవని రంగు గీతలా కనిపించేది. కంపెనీ కాలనీ బడిలో పిల్లలు నా కాళ్ళ దగ్గర వంగి ఆ గీతలను ఒక్కొక్కటీ వేలితో చూపించేవారు. "ఇది మూడో క్లాసు ప్యాంటు, ఇది నాలుగో క్లాసు ప్యాంటు, ఇది ఈ ఏడుది!" నేను కదలకుండా నిలబడేవాడిని. కదిలితే సిగ్గుపడ్డట్టు అవుతుంది.

ఆ బడిలో మా టీచరు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక ఇంజినీరు భార్య. ఒక శనివారం నన్ను ఆపి, "రేపు పొద్దున క్లబ్బులో పిల్లలకి బొమ్మల సినిమా వేస్తున్నార్రా నాన్నా. మీ చెల్లాయిని కూడా తీసుకురా. టికెట్టేం లేదులే," అంది.

టికెట్టు లేదన్న మాట నాకు నచ్చలేదు. అయినా వెళ్ళాం. నాకు పదేళ్ళు, చెల్లెలికి ఆరు.

క్లబ్బు కిటికీలకు నల్లగుడ్డలు కట్టి పగటినే చీకటి చేశారు. కదిలే బొమ్మలను మేమిద్దరం చూడడం అదే మొదటిసారి. అది పది నిమిషాల సినిమా. పెన్సిల్‌తో గీసినట్టున్న ఒక పిల్లవాడు. మాటలు లేవు. ప్రతి పొద్దునా వాడు నిద్ర లేచేసరికి మంచం కొంచెం పొట్టిదై ఉంటుంది. చొక్కా చేతులు మోచేతుల దాకా ఎక్కుతాయి. వాడు ఎదిగినకొద్దీ వాడి అమ్మానాన్నలు చిన్నవాళ్ళవుతూ ఉంటారు. మొదట వాడి భుజం దాకా, తర్వాత మోకాలి దాకా, చివరికి అరచేతిలో పట్టేంత. వాడు వాళ్ళను జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకుని, పొగగొట్టం ఉన్న ఒక పెద్ద భవనంలోకి పనికి వెళ్తాడు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఇంటి తలుపు వాడి చీలమండ ఎత్తున ఉంటుంది. లోపలికి పోలేక బయటే కూర్చుని జేబులో చెయ్యి పెడతాడు. జేబులో రెండు గుండీలు మాత్రం ఉంటాయి. అంతే, సినిమా అయిపోయింది.

కాలనీ పిల్లలు పడీ పడీ నవ్వి, మళ్ళీ వెయ్యమని అరిచారు. నా చెల్లెలు రెండు చేతులతో నా మోచెయ్యి పట్టుకుని ఉంది. ఆమె గోళ్ళు గుచ్చుకున్న గుర్తులు ఇంటికి వచ్చేదాకా ఉన్నాయి.

దారిలో అడిగింది. "అన్నా, బాపు గుండీ అయితడా?"

"కాడు."

"అమ్మ?"

"కాదు. నేను పెద్దగైతేనే కదా వాళ్ళు చిన్నగయ్యేది."

"మరి నువ్వు పెద్దగ కావా?"

"కాను."

"ఎట్ల కావు? అమ్మ రోజూ పాలిస్తది కదా."

అప్పుడు తట్టింది నాకు, నాయినమ్మ కేక.

ఆ మధ్యాహ్నం నాయినమ్మ కునుకు తీస్తుండగా నడిమింట్లో షాబాద్ బండల మీద వెల్లకిలా పడుకున్నాను. దాటమన్నాను. చెల్లెలు పరికిణీ ఎత్తి పట్టుకుని కాలు చాపింది. ఆమె కాళ్ళు పొట్టివి. నా కడుపు మీద కాలు వేసి, తూలి, అవతల పడింది.

"తొక్కినవ్! దాటుమంటే తొక్కుతవా?"

"నీ బొర్ర అడ్డమొచ్చింది, నేనేం చెయ్యాలె?" అని మోచెయ్యి రుద్దుకుంటూ లేచి, వచ్చిన దారినే మళ్ళీ కాలెత్తబోయింది.

"ఎనకకు దాటకు! దాటితే పెరుగుత. కాళ్ళ దిక్కుకెళ్ళి తిరిగి రా."

ఆమె నా కాళ్ళ వైపు నుంచి ముని వేళ్ళ మీద నడుస్తూ చుట్టి వచ్చింది. వచ్చి నా పక్కన పడుకుని, "ఇగ నన్ను దాటు," అంది.

"నిన్నెందుకు? నౌకరీ నాది. నువ్వు పెద్దగైతే ఏమైతది?"

"నువ్వు చిన్నగుండి నేను పెద్దగైతే నువ్వు నా జేబుల పడ్తవ్ గద. నాకు జేబు లేదు. ఏడ పెట్టుకోవాలె నిన్ను?"

నేను లేచాను. నా కాళ్ళు పొడుగు. ఎక్కడా తగలకుండా, ఒక్క అంగలో ఆమెను దాటాను. ఆమె కళ్ళు మూసుకుని నవ్వుతోంది. నేనూ కాళ్ళ వైపు నుంచి చుట్టి వచ్చాను. మంచం మీద నాయినమ్మ అటు తిరిగి పడుకుంది.

మరుసటి ఏడు అమ్మ నా ప్యాంటు మడత ఇంకొంచెం విప్పింది. ఆ మరుసటి ఏడు మడత అయిపోయింది. పదమూడో ఏట గొంతు మారింది, దర్వాజ పైకమ్మికి తల తగలడం మొదలైంది. సిగ్గు లేకుండా ఎదిగాను. నన్ను ఆమె దాటలేదు కదా, తొక్కింది, అందుకే పని చెయ్యలేదు అనుకున్నాను. అనుకున్న మరుక్షణమే దానికి రెండో సగం కూడా తట్టింది. నేను మాత్రం ఆమెను సరిగ్గా దాటాను.

ఆమె ఎదగలేదు. పదేళ్ళకు ఏడేళ్ళ పిల్లలా ఉండేది. బడిలో ఫొటో తీసిన ప్రతిసారీ ముందు వరుసలో కూర్చునేది. నాలుగడుగులు నడిస్తే ఆగి, గోడ పట్టుకుని, పెదవులు నల్లబడి, ఏమీ కానట్టు గోడ మీది సున్నం గీకుతూ నిలబడేది. సంగారెడ్డిలో డాక్టరు చూసి, పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉందనీ, ఒంట్లో ఎదుగుదల లేనిది అందుకేననీ చెప్పాడు. కొన్నేళ్ళు మందులు వాడి, కొంచెం బలం వచ్చాక హైదరాబాదులో ఆపరేషన్ చేయించమన్నాడు. బాపు తల ఊపాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను డాక్టరు వెనక గోడ మీదున్న గుండె బొమ్మను చూస్తూ నిలబడ్డాను. ఆయన చెప్పింది నాకు అర్థమైంది. నమ్మలేదు.

చెల్లెలు నాలా కాదు. మా ఇంట్లో అందరి వెన్నులూ నిటారుగా ఉంటే ఆమె ఒక్కతే వంగి నవ్వేది. ఎవరైనా పెద్దావిడ వచ్చి, "ఏ క్లాసు బిడ్డా? ఒకటోదా?" అంటే, "లేదు పెద్దమ్మా, ఎనిమిదోది. చిన్నప్పుడు మా అన్న దాటి ఇడిసిపెట్టిండు, గందుకే గిట్లున్న," అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నాయినమ్మ కూడా పరాచికమే అనుకుని, "దీని నోరొక్కటే పెరిగింది," అని నవ్వేది. నేను అక్కడి నుంచి లేచి వెళ్ళేవాడిని.

వెనక్కి దాటడం ఎంత పని? ఒక్క అడుగు. ఎవరూ లేనప్పుడైనా, ఆమె నిద్రపోతున్నప్పుడైనా దాటి ఉండవచ్చు. చాలాసార్లు ఆమె చాప పక్కన నిలబడ్డాను కూడా. కాని దాటితే నేను చేశానని ఒప్పుకున్నట్టు. మా ఇంట్లో ఎవరూ ఏదీ ఒప్పుకోగా నేను చూడలేదు.

పద్దెనిమిది నిండాయి. కంపెనీ నుంచి కాగితం వచ్చింది. చేరనని నేను అనలేదు, చేరమని బాపు అనలేదు. మొదటి రోజు పొద్దున నీలం చొక్కా వేసుకుని నడిమింట్లోకి వచ్చేసరికి బాపు పేపరు మడిచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అమ్మ పెరుగన్నం డబ్బా ఇచ్చింది. చెల్లెలు వచ్చి నా జేబు సర్ది, "లేటైతది, జల్దీ పో," అంది. ఆమె తల నా బెల్టు కంటే కొంచెం పైన ఉంది.

గేటు దగ్గర వరుసగా నిలబెట్టి జేబులు తడుముతున్నారు. ఆ రోజు గేటు మీద ఉన్న గార్డు ఒకప్పటి మా జీతగాడి కొడుకు. నన్ను చూసి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చిన్న పటేలా, జెర చేతులు లేపుండ్రి. బాయి మీదే, జాగ మీదే, కని రూలు రూలే గద."

చేతులు లేపాను. అతను నా చొక్కా జేబులో వేళ్ళు పెట్టి రెండు గుండీలు బయటికి తీశాడు. వెండివి. మా బాపు షేర్వానీవి.

వెనక వరుసలోంచి ఎవరో అన్నారు. "ఏం పటేల్ సాబ్, గుండీలు తెచ్చి షేర్వానీ ఇంట్ల మర్సిండ్రా?"

నవ్వులు. గార్డు నవ్వలేదు. గుండీలు నా చేతిలో పెట్టి, చెయ్యి మూసి, "లోపల మిషన్ల కాడ పడిపోతయి, పైలం," అన్నాడు. మా బావి మీద నిలబడి, వెన్ను వంచకుండా లోపలికి నడిచాను.

సాయంత్రం ఇంటికి వచ్చి ఆ రెండు గుండీలు ఆమె ముందు పడేశాను. ఆమె చాప మీద పడుకుని ఏదో చదువుకుంటోంది.

"నలుగుట్ల ఇజ్జత్ తీస్తవా? దిమాక్ ఉన్నదా నీకు?"

ఆమె గుండీలు ఏరుకుని, పావడాతో తుడిచింది. "సినిమ యాదికొస్తదేమో అని పెట్టిన. నవ్వుతవనుకున్న."

"ఏం సినిమ?"

నాకు తెలుసు. ఆమెకూ తెలుసు నాకు తెలుసని. గుండీలు పిడికిట్లో పట్టుకుని అంది. "ఒకసారి ఎనకకు దాటరాదా అన్నా? అయిపాయె. ఇగ మల్ల ఎవ్వలతోని అనను."

"ఇంత చదివినవ్, గవన్ని నమ్ముతవా?"

"నేనేడ నమ్ముతున్న? నాకు డాక్టర్ జెప్పిండు గద. నువ్వే నమ్ముతున్నవ్. ఎనిమిదేండ్ల సంది నమ్ముతున్నవ్. నీ కోసమే దాటుమంటున్న."

నేను స్నానానికి వెళ్ళిపోయాను. ఆ వారం ఆమె గుండీలను షేర్వానీకి కుట్టింది. తెల్ల దారం దొరకలేదేమో, ఎర్ర దారంతో కుట్టింది. 

ఏడాది తర్వాత ఆపరేషన్‌కు రమ్మన్నారు. పొద్దున పదింటికి కారు వస్తుంది. బస్సులో తీసుకుపోవడానికి బాపు ఒప్పుకోలేదు. పట్నం కారు కోసం అందరం నడిమింట్లో ఎదురుచూస్తున్నాం. చుట్టాలు వచ్చారు. నా షిఫ్టు వాళ్ళు ముగ్గురు డ్యూటీకి పోతూ చూడడానికి వచ్చి దర్వాజ దగ్గర నిలబడ్డారు. నేనూ నీలం చొక్కాలోనే ఉన్నాను. కారు ఎక్కించి డ్యూటీకి వెళ్ళాలి, సెలవు నాలుగో రోజు నుంచి దొరికింది. చెల్లెలు కూర్చోలేక షాబాద్ బండల మీద చాప వేయించుకుని పడుకుంది. కొత్త లంగా ఓణీ కట్టుకుంది. పదిహేనేళ్ళ పిల్ల కదా. ఓణీ ఆమెకు రెండు చుట్లు వచ్చింది.

"అన్నా," అని పిలిచింది. వంగాను.

"ఒక్కసారి దాటు. బూట్లు ఇడ్వకున్నా మంచిదే."

గట్టిగా ఏమీ అనలేదు. అయినా దర్వాజ దగ్గర మా షిఫ్టు వాళ్ళు వింటున్నారని నాకు అనిపించింది. ఎవరో ఒకరు దగ్గారు. బాపు కిటికీ దగ్గర రోడ్డు వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు.

"పిచ్చి మాటలు మాట్లాడకు. అందరున్నరు," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి నవ్వింది. నేను ఎంత భయపడుతున్నానో తెలిసినట్టు నవ్వింది. "సరే తియ్యి. వచ్చినంక దాటుదువు," అంది.

కారు వచ్చింది. ఆమెను ఎత్తుకుని తీసుకుపోయి వెనక సీట్లో అమ్మ పక్కన కూర్చోబెట్టాను. బాపు ముందు సీట్లో ఎక్కాడు. ఎత్తుకుంటే బరువే లేదు. నేను నడిచి గేటుకు వెళ్ళి, చేతులు లేపి, జేబులు చూపించి లోపలికి పోయాను.

మూడో రోజు పొద్దున ఆమెను తీసుకొచ్చారు. ఆపరేషన్ బాగానే జరిగిందనీ, రెండో రోజు గుండె తట్టుకోలేదనీ డాక్టర్లు చెప్పారట. నడిమింట్లో అదే చోట, అదే చాప మీద, తల దక్షిణం వైపు పెట్టి పడుకోబెట్టారు. అది పెద్దవాళ్ళ చాప. ఆమె పాదాల కింద ఎంతో చాప మిగిలింది.

ఊరంతా వచ్చింది. గేటు దగ్గరి గార్డు వచ్చాడు. కృష్ణా జిల్లా టీచరు వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. మా షిఫ్టు వాళ్ళు అరుగు మీద ఉన్నారు. నేను ఆమె కుడి పక్కన నిలబడ్డాను. తొమ్మిదేళ్ళ కింద దాటి ఆగిన వైపు అదే. ఇటు నుంచి అటు దాటాలి. నాకు అప్పుడు ఎవరూ కనిపించలేదు. కాలు ఎత్తాను.

"బిడ్డా!" నాయినమ్మ కేక వేసింది. చూపు సగం పోయిన మనిషి, ఏడుస్తున్న మనిషి, దాటడం మాత్రం ఎప్పటిలాగే చూసింది. "ఏం చేస్తున్నవ్ర? పోయినోళ్ళను దాటరు. తప్పు. కాలు దించు."

ఎత్తిన కాలు అలాగే ఉంచి చెప్పాను. నా గొంతు అరుగు దాకా వినిపించి ఉంటుంది.

"చిన్నప్పుడు దాటిన నాయినమ్మా. ఎదగొద్దని దాటిన. ఎనకకు దాటలే. ఎన్నిసార్లు అడిగింది, దాటలే."

 అమ్మ ఏడుపు ఒక్క క్షణం ఆగింది. నాయినమ్మ నోరు తెరిచి మూసింది. ఆమె అంటుందని నేను ఎదురుచూసిన మాట ఒక్కటే, మల్ల ఎనకకు దాటు అని. ఆమె అనలేదు.

కిటికీ దగ్గరి నుంచి బాపు వచ్చాడు. షేర్వానీ వేసుకుని ఉన్నాడు, హైదరాబాదు నుంచి వేసుకుని వచ్చినది. ఎర్ర దారం కనిపించింది. నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. ఆయన వంగి, రెండు చేతులతో నా కాలు పట్టుకుని నేల మీద పెట్టాడు. మా బాపు ఒకరి ముందు వంగడం నేను చూసింది ఆ ఒక్కసారే. లేచి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"కాళ్ళ దిక్కుకెళ్ళి రా," అన్నాడు.

ఆమె పాదాల కింద మిగిలిన చాపను కూడా తొక్కకుండా, ఇద్దరం చుట్టి అవతలికి వెళ్ళాం.